ఆరుబయట నిలిపిన సెస్నా 172కి యోక్ పిన్ ఒక్కటి చాలా? (గన్నవరం, మే నెల)

#1 · ప్రకాశం_బ్యారేజీ · ఉదయం 7:12

అందరికీ నమస్కారం. సెస్నా 172ఎస్ (నాలుగు సీట్ల చిన్న విమానం) ఒకటి గన్నవరం విమానాశ్రయంలో మూడు రాత్రులు ఆరుబయట ఉండాలి. హ్యాంగర్ దొరకదు. విమానంతో వచ్చిన యోక్ పిన్ (పైలట్ పట్టుకునే స్టీరింగు లాంటి యోక్‌ని కదలకుండా ఆపే కడ్డీ) ఉంది, దాని ఎర్ర రేకు కూడా ఊడిపోకుండా ఉంది. రెక్కలకి, తోకకి తాళ్లు కడతాం, చక్రాలకి చాక్స్ (అడ్డు దిమ్మలు) పెడతాం. ఈ రోజుల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి గాలివాన లేస్తోంది కదా, ఆ పిన్ ఒక్కటి చాలుతుందా? రడ్డర్‌ని (తోక మీద నిలువుగా ఉండి పక్కలకి తిరిగే పలకని) విడిగా బిగించాలా? బిగించాలంటే క్లాంపు ఇక్కడే చేయించుకోవచ్చా?

#2 · లెఫ్ట్_సీటు · ఉదయం 7:40

చాలదండి. ఆ పిన్ ఏం పట్టుకుంటుందో, ఏం వదిలేస్తుందో ముందు చూడండి.

యోక్ షాఫ్టు పైన ఒక రంధ్రం, పానెల్ దగ్గర కాలర్ పైన ఇంకో రంధ్రం ఉంటాయి. నేల మీద ఎలివేటర్ (తోకలో అడ్డంగా ఉండి పైకీ కిందికీ కదిలే పలక) తన బరువుకి కిందికి వాలి, యోక్ పానెల్ వైపు వెళ్లిపోయి ఉంటుంది. దాన్ని కొంచెం వెనక్కి లాగి, అడ్డంగా సమంగా తిప్పితే రెండు రంధ్రాలు కలుస్తాయి. అప్పుడు పిన్ పై నుంచి కిందికి సులువుగా దిగాలి. బలవంతంగా గుచ్చాల్సి వస్తే రంధ్రాలు కలవలేదన్నమాట. సరిగా దిగితే ఎర్ర రేకు ఇగ్నిషన్ స్విచ్ మీదికి వచ్చి తాళంచెవిని అడ్డుకుంటుంది. అడ్డుకోకపోతే పిన్ తప్పుగా పడ్డట్టే.

ఈ స్థితిలో ఐలరాన్లు (రెక్కల వెనక అంచున కొసల వైపు కదిలే పలకలు) సమంగా ఉంటాయి. ఎలివేటర్ వెనక అంచు కొద్దిగా కిందికి ఉంటుంది. అది కావాలనే అలా పెట్టారు. విమానం గాలికి ఎదురుగా నిలిచి ఉంటే, కిందికి వంగిన ఎలివేటర్ తోకని కొంచెం పైకి, ముక్కుని కిందికి నొక్కుతుంది. రెక్క గాలిని తక్కువ కోణంలో అందుకుంటుంది కాబట్టి లేచే బలం తగ్గుతుంది.

రడ్డర్‌కీ ఈ పిన్‌కీ ఏ సంబంధమూ లేదు. గాలి బలంగా, విసురుగా వీచే చోట ఫిన్ (రడ్డర్ ముందున్న కదలని నిలువు భాగం), రడ్డర్ రెండూ కలిపి పట్టే బయటి లాక్ పెట్టాలని సెస్నా హ్యాండ్‌బుక్కే చెబుతుంది.

#3 · కొత్త_రెక్కలు · ఉదయం 8:05

చిన్న సందేహం సార్. ముక్కు చక్రాన్ని తిప్పేదీ రడ్డర్ పెడల్సే కదా. చక్రం మీద బరువు పడి నేలకి అతుక్కుని ఉంటుంది. అప్పుడు రడ్డర్ దానంతటదే నిలబడిపోదా?

#4 · ఆటోనగర్_రెంచి · ఉదయం 8:31

పైపర్ పీఏ-28 (ఇలాంటిదే ఇంకో చిన్న విమానం) విషయంలో మీరన్నది చాలావరకు నిజం. ముక్కు చక్రంతో ఉన్న లింకే రడ్డర్‌ని పట్టి ఉంచుతుంది, మామూలుగా విడిగా బిగించనక్కర్లేదని దాని హ్యాండ్‌బుక్ అంటుంది. 172లో మాత్రం పెడల్స్‌కీ ముక్కు చక్రానికీ మధ్య స్ప్రింగు బంజీ ఉంది. చక్రం కదలకపోయినా ఆ స్ప్రింగు సాగుతూ, కుదించుకుంటూ రడ్డర్‌ని ఊగనిస్తుంది. వెనక నుంచి గాలి తగిలిందా, రడ్డర్ ఇటు స్టాప్ (కదలికకి హద్దు పెట్టే బోల్టు) నుంచి అటు స్టాప్‌కి కొట్టుకుంటుంది.

దెబ్బ ఎంతో లెక్క వేద్దాం. గంటకి 100 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకి సుమారు 28 మీటర్లు. అది ఎదురుగా తగిలిన చదరపు మీటరుకి 45 కిలోల పైచిలుకు ఒత్తిడి. 172 రడ్డర్ సుమారు 0.7 చదరపు మీటర్లు, అంటే 30 కిలోలకి కాస్త ఎక్కువ. ఆ బరువు నిలకడగా నొక్కితే రడ్డర్‌కి ఏమీ కాదు. కానీ గాలివాన నిలకడగా నొక్కదు, విసురుతుంది. 30 కిలోల సుత్తితో అరగంట సేపు స్టాప్ బోల్టు మీద కొట్టినట్టుంటుంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుందని కూడా గుర్తుంచుకోండి.

ముందు స్టాప్ బోల్టు తల అణుగుతుంది. తర్వాత హింజ్ బ్రాకెట్ రివెట్లు వదులై, వాటి చుట్టూ నల్లటి మసి గీతలు కనబడతాయి. కేబుల్ వదులవుతుంది. ఇవి కంటికి దొరికేవి. బెల్‌క్రాంక్ (కేబుల్ లాగుడు దిశ మార్చే లివరు) ఒంగినా, పుల్లీ బ్రాకెట్‌లో సన్నటి పగులు పడినా ఇన్‌స్పెక్షన్ మూత విప్పితే తప్ప తెలియదు.

#5 · టెయిల్‌వీల్_గుంటూరు · ఉదయం 8:58

రెంచి గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. లోపలి లాక్, బయటి లాక్ చేసే పని ఒకటి కాదు. లోపలి పిన్ యోక్‌ని పట్టుకుంటుంది కాబట్టి ఐలరాన్ మీద పడ్డ దెబ్బ పుష్ రాడ్, బెల్‌క్రాంక్, కేబుల్, పుల్లీ అన్నీ దాటుకుని పిన్ దగ్గరికి చేరుతుంది. గాలి ఊపిన ప్రతిసారీ ఆ దారంతా లాగుడు పడుతుంది. బయటి క్లాంపు కదిలే భాగాన్ని పక్కనున్న కదలని భాగానికే కట్టేస్తుంది కాబట్టి దెబ్బ అక్కడే ఆగుతుంది, కేబుల్ దాకా రాదు. మామూలు గాలికి పిన్ చాలు. తుపాను హెచ్చరిక ఉంటే బయటివి కూడా కావాలి.

టెయిల్‌వీల్ (తోక కింద చక్రం ఉన్న) విమానాల సంగతి వేరు. ముక్కు గాలికి ఎదురుగా ఉంటే ఎలివేటర్ పూర్తిగా పైకి, తోక గాలికి ఎదురుగా ఉంటే పూర్తిగా కిందికి ఉంచి కట్టాలి. ఎటైనా తోక నేలకి అదిమి ఉండాలి. ముక్కు చక్రం ఉన్నవాటికి ఇది వర్తించదు.

#6 · ప్రకాశం_బ్యారేజీ · ఉదయం 9:20

విమానాన్ని ఎలాగూ గాలికి ఎదురుగానే నిలుపుతాం కదా. రన్‌వే 08/26, కాబట్టి తూర్పుకో పడమరకో ముక్కు పెడితే సరిపోతుంది అనుకున్నా.

#7 · లెఫ్ట్_సీటు · ఉదయం 9:47

నిలిపిన గంటలో గాలి ఎటు ఉందో అదే మీకు తెలిసేది. మే సాయంత్రం క్యుములోనింబస్ (ఉరుముల మేఘం) కింద నుంచి పడే గాలి ఏ దిక్కున మేఘం ఉంటే ఆ దిక్కు నుంచి వస్తుంది. పది నిమిషాల్లో దిశ మారిపోతుంది. తుపాన్లలో ఈ మార్పు ఇంకా పెద్దది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను కేంద్రం మనకి దక్షిణం నుంచి పడమర పక్కగా ఉత్తరానికి జరిగితే, గన్నవరంలో గాలి ఈశాన్యం నుంచి మొదలై తూర్పుకి, తర్వాత ఆగ్నేయానికి తిరుగుతుంది. కేంద్రం తూర్పు పక్క నుంచి వెళ్తే ఉత్తరం, వాయవ్యం, పడమర వరుసలో తిరుగుతుంది. ముక్కు ఒకే దిక్కున ఉంచి మూడు రాత్రులూ గాలికి ఎదురుగా ఉండటం జరగని పని.

ఇంకోటి, ఆప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద గాలి ఆకాశం నుంచే రానక్కర్లేదు. ఏటీఆర్ గాని ఎయిర్‌బస్ 320 గాని పక్కన మలుపు తిరుగుతూ పవర్ పెంచితే మీ తోకకి తగిలేది తుపాను గాలే. వీలైతే తోకని టాక్సీవే (విమానాలు రన్‌వేకి నడిచే దారి) వైపు పెట్టొద్దు. విమానాశ్రయ వాతావరణ కార్యాలయం ఇచ్చే ఏరోడ్రోమ్ వార్నింగ్ మీకు చేరే ఏర్పాటు చేసుకోండి. బలమైన గాలి, ఉరుములతో గాలివాన రెండూ అందులో చెబుతారు.

#8 · ఆటోనగర్_రెంచి · ఉదయం 10:30

ఇక రడ్డర్ క్లాంపు. కంపెనీ తయారీది దొరికితే అదే కొనండి. దొరకనప్పుడు ఆటోనగర్‌లో ఏ వడ్రంగితోనైనా గంటలో చేయించవచ్చు. ఇది విమానంలో భాగం కాదు, నేల మీద వాడే పరికరం మాత్రమే. అయినా అది తాకేది విమానాన్ని కాబట్టి చేయించడంలో పొదుపు చూడొద్దు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బద్దలు రెండు కావాలి, వెడల్పు 8 సెంటీమీటర్లు. పొడవు కొలిచి కోయించాలి. ఫిన్ సగం ఎత్తులో ముందు అంచు నుంచి రడ్డర్ వెనక అంచు దాకా టేపు పట్టి, రెండు వైపులా 6 సెంటీమీటర్ల చొప్పున కలపండి. రెండు కొసల్లో 8 మిల్లీమీటర్ల బోల్టు, వింగ్ నట్టు. బోల్టులు ఫిన్ ముందు అంచుకి ముందు, రడ్డర్ వెనక అంచుకి వెనక ఖాళీలో ఉండాలి. విమానానికి ఎక్కడా చిల్లు పెట్టేది లేదు. బద్దల లోపలి వైపు 12 మిల్లీమీటర్ల మందం మూసిన గదుల ఫోమ్ అంటించండి, అంటే నీళ్లు పీల్చనిది. స్పాంజి వద్దు. అది వాన నీళ్లు పట్టుకుని రాత్రంతా రంగుకి ఆనించి ఉంచుతుంది, ఇసుక రేణువులు కూడా అందులో ఇరుక్కుని గీతలు పెడతాయి. బోల్టుల మీద సైకిల్ ట్యూబు ముక్క తొడగండి.

బిగువు ఎంత అంటే, రడ్డర్‌ని చేత్తో ఊపితే కదలకూడదు, ఫోమ్ మూడో వంతుకి మించి అణగకూడదు. రడ్డర్ రేకు పలచనిది, అతిగా బిగిస్తే గాలి చేసే నష్టం మీరే చేసినట్టవుతుంది. ప్రతి బోల్టు దగ్గర రెండు బద్దల మధ్య సరైన మందంలో చెక్క దిమ్మ పెడితే ఎవరు బిగించినా ఒక హద్దు దాటదు.

ఫిన్ కింద వెడల్పు, పైన సన్నం కాబట్టి క్లాంపు కిందికి జారితే తనంతటే ఇరుక్కుని ఆగుతుంది. పైకి లేవడమే ప్రమాదం. బద్ద నుంచి తోక టై-డౌన్ రింగుకి 4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు కట్టండి. పైన నావ్ (దారి చూపే రేడియో) యాంటెన్నా మీసాలు, రడ్డర్ వెనక అంచు కింద భాగంలో నేల మీద చేత్తో వంచి సరిచేసే చిన్న ట్యాబ్ ఉంటాయి. రెండింటికీ దూరంగా బిగించండి. ఆ ట్యాబ్ కొంచెం ఒంగినా విమానం గాల్లో ఒక పక్కకి లాగుతుంది.

ఐలరాన్లకి పిన్ ఉంది కాబట్టి ఈ మూడు రాత్రులకి రడ్డర్ క్లాంపు ఒక్కటి చాలు. తుపాను హెచ్చరిక వస్తే ఐలరాన్‌కీ దాని పక్కనున్న ఫ్లాప్‌కీ కలిపి పట్టే క్లాంపులు వేయండి, ఫ్లాప్ పూర్తిగా పైకి ఉన్నప్పుడే. వాటిని మాత్రం రెడీమేడ్‌వి కొనడమే మేలు. అక్కడ బోల్టు పెట్టేంత సందు లేదు.

#9 · కొత్త_రెక్కలు · ఉదయం 10:52

పిన్ పోతే దాని బదులు అదే లావు బోల్టు వేస్తే సరిపోతుందా?

#10 · లెఫ్ట్_సీటు · ఉదయం 11:03

వద్దు. బోల్టు గాలిని ఆపుతుంది, పైలట్‌ని ఆపదు. పిన్‌లో సగం పని ఆ ఎర్ర రేకుదే. ఇగ్నిషన్‌కి అడ్డం రాని ఏ లాకూ కాక్‌పిట్‌లో ఉండకూడదు. పిన్ పోతే కంపెనీది తెప్పించుకోండి, వచ్చేదాకా యోక్‌ని సీటు బెల్టుతో కట్టండి.

లాక్ మరిచిపోతే ఏమవుతుందో ఈ రంగంలో అందరికీ తెలియాల్సిన రెండు తేదీలున్నాయి. 1935 అక్టోబరు 30న ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299, తర్వాతి కాలపు బి-17కి మొదటి నమూనా, కంట్రోల్ లాక్ తీయకుండానే పైకి లేచి కూలిపోయింది. ఈ రోజు ప్రతి కాక్‌పిట్‌లో కనిపించే చెక్‌లిస్టు ఆ ప్రమాదం తర్వాతే వాడుకలోకి వచ్చింది. 2014 మే 31న అమెరికాలోని బెడ్‌ఫోర్డ్‌లో గల్ఫ్‌స్ట్రీమ్ 4 జెట్ గస్ట్ లాక్ (గాలికి కంట్రోల్స్ కదలకుండా పట్టే లాక్) తోనే టేకాఫ్ పరుగు మొదలెట్టింది. నేల విడవలేక రన్‌వే దాటిపోయింది, ఏడుగురూ చనిపోయారు. లాక్ పడి ఉంటే థ్రాటిల్ ముందుకి వెళ్లకుండా ఆపాల్సిన ఏర్పాటు అందులో ఉంది, అది చాలినంత ఆపలేకపోయింది. అంతకుముందు ఆ సిబ్బంది చేసిన 175 టేకాఫ్‌లలో 98 శాతం పూర్తి కంట్రోల్ చెక్ లేకుండానే జరిగాయని విచారణలో తేలింది. అనుభవం ఉన్న పైలట్లు వాళ్లు.

కాబట్టి చెక్ అంటే యోక్‌ని అటూ ఇటూ కాస్త కదపడం కాదు. నాలుగు మూలలకీ స్టాప్ తగిలేదాకా తిప్పాలి. కేబుల్ సాగుడు వల్ల లాక్ ఉన్నా కొంచెం కదిలినట్టే అనిపిస్తుంది. యోక్ మీద బొటనవేళ్లు నిలువుగా పెట్టి తిప్పండి. వేళ్లు ఎటు చూపిస్తాయో ఆ పక్క ఐలరాన్ పైకి లేవాలి. 172లో ఐలరాన్ పైకి 20 డిగ్రీలు, కిందికి 15 డిగ్రీలు. ఎలివేటర్ పైకి 28, కిందికి 23. రడ్డర్, ఎలివేటర్ల కోసం తల తిప్పి వెనక అద్దంలోంచి చూడండి. పెడల్ కదిలిందని రడ్డర్ కదిలిందనుకోవద్దు.

#11 · కొండవీడు · మధ్యాహ్నం 12:15

పీఏ-28 వాళ్ల కోసం. పైపర్ పిన్ ఇవ్వదు. సీటు బెల్టు యోక్‌లోంచి తిప్పి బిగువుగా లాగమని హ్యాండ్‌బుక్ చెబుతుంది. ఎడమ బెల్టు ఒక్కటే వేస్తే యోక్ ఒక పక్కకి తిరిగి ఐలరాన్లు వంకరగా ఆగుతాయి. రెండు భాగాల్నీ యోక్ రెండు కొమ్ముల్లోంచి తెచ్చి మధ్యలో బకిల్ పెడితే సమంగా నిలుస్తుంది. యోక్‌ని పూర్తిగా వెనక్కి లాగి కట్టేయడమే గట్టి పద్ధతి.

#12 · టెయిల్‌వీల్_గుంటూరు · మధ్యాహ్నం 12:38

చివరి మాటతో ఒప్పుకోలేనండీ. పీఏ-28 తోక మొత్తం కదిలే స్టాబిలేటర్. దాన్ని పూర్తిగా వెనక్కి లాగి కట్టి, ముక్కు గాలికి ఎదురుగా ఉంచితే తోక కిందికి నొక్కుకుంటుంది, ముక్కు తేలికవుతుంది, రెక్క కోణం పెరుగుతుంది. రెక్కల తాళ్ల మీద అనవసరంగా బరువు పెంచినట్టే. టెయిల్‌వీల్‌కి పనికొచ్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. హ్యాండ్‌బుక్ బిగువుగా లాగమంది గాని చివరిదాకా వెనక్కి లాగమనలేదు.

#13 · కొండవీడు · మధ్యాహ్నం 12:56

నిజమే, ఒప్పుకుంటున్నా. అయితే బెల్టు వెనక నుంచే లాగుతుంది కాబట్టి యోక్ మధ్యలో దానంతట నిలవదు. యోక్‌ని పెడల్స్‌కి కలిపి పట్టే రాడ్ లాక్ వాడితే స్టాబిలేటర్ మధ్యస్థంగా ఉంటుంది, రడ్డర్ కూడా కలిసొస్తుంది. బెల్టే గతి అయితే ముక్కు చక్రం దగ్గర కూడా ఒక తాడు కట్టాలి.

#14 · లెఫ్ట్_సీటు · మధ్యాహ్నం 1:10

డైమండ్ డీఏ40కి వేరే పద్ధతి. పెడల్స్‌ని పూర్తిగా వెనక్కి జరిపి, లాక్‌ని పెడల్స్‌కి తగిలించి, స్టిక్‌కి ఆనించి, పట్టీ స్టిక్ చుట్టూ ఒక చుట్టు తిప్పి బిగించాలి. తీసేటప్పుడు ముందు పట్టీ వదులు చేయాలి, లేకపోతే ఇరుక్కుంటుంది.

#15 · ఆటోనగర్_రెంచి · మధ్యాహ్నం 2:25

కంట్రోల్స్ ఎంత బిగించినా విమానమే కదిలితే లాభం లేదు, అందుకే తాళ్ల సంగతి కూడా చెప్పేస్తా. 172కి ఒక్కో తాడు కనీసం 700 పౌండ్లు, అంటే 318 కిలోలు తట్టుకోవాలని హ్యాండ్‌బుక్. నైలాన్ గాని పాలిస్టర్ గాని తీసుకోండి. కొబ్బరి పీచు తాడు, జనపనార తాడు వద్దు. మనీలా తాడైతే తడిస్తే కుంచించుకుపోతుంది, పొడిగా ఉన్నప్పుడు బిగువుగా కట్టినది వానలో రెక్కని కిందికి లాగేస్తుంది. ఏ తాడైనా 2, 3 సెంటీమీటర్ల వదులు ఉంచండి. మరీ వదిలితే విమానం ఎగిరి కుదుపుతో ఆగుతుంది, ఆ కుదుపే తాడుని తెంపుతుంది. ముడి బౌలైన్. తాడుని రెక్క కింద రింగుకే కట్టాలి, స్ట్రట్ (రెక్కకి ఊతమిచ్చే కడ్డీ) మధ్యలో చుట్టకూడదు. జారితే స్ట్రట్ ఒంగుతుంది.

ట్యాంకులు నింపితే కూడా మేలే. 172ఎస్ మొత్తం 56 గ్యాలన్లు, అంటే దాదాపు 212 లీటర్లు, 150 కిలోల బరువు ఉచితంగా రెక్కల మీద కూర్చున్నట్టే.

దిగిన వెంటనే బ్రేకులు కాలుతూ ఉంటే పార్కింగ్ బ్రేక్ వేయొద్దు. చాక్స్ పెట్టి, చల్లారాక వేయండి. పిటో (గాలి వేగం కొలిచే గొట్టం) కవర్ మరవొద్దు. మన దగ్గర మట్టిగూడు కట్టే కందిరీగకి ఒక్క రాత్రి చాలు.

ఎండ గురించి కూడా. అల్యూమినియం ఉక్కు కేబుల్ కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 5 మీటర్ల కేబుల్ దారిలో 25 డిగ్రీలు పెరిగితే మిల్లీమీటరున్నర దాకా తేడా వస్తుంది, కేబుల్ బిగుసుకుంటుంది. మధ్యాహ్నం యోక్ బరువుగా అనిపిస్తే కారణం అదే కావచ్చు. కానీ గాలివాన మర్నాడు ఉదయం చల్లటి వేళ యోక్ వదులుగా తేలిపోతే మాత్రం వాతావరణం మీదికి నెట్టేయకండి. టెన్సియోమీటరు (కేబుల్ బిగువు కొలిచేది) పెట్టి, సర్వీసు మాన్యువల్‌లో ఆ ఉష్ణోగ్రతకి ఉన్న అంకెతో పోల్చాలి.

#16 · ప్రకాశం_బ్యారేజీ · సాయంత్రం 4:40

అందరికీ ధన్యవాదాలు. ఇలా చేద్దామనుకుంటున్నా, తప్పుంటే చెప్పండి.

తోక టాక్సీవేకి ఎదురు కాకుండా నిలపడం. ఫ్లాప్స్ పైకి. యోక్ పిన్. రడ్డర్ క్లాంపు, దానికి మీటరు పొడవు ఎర్ర గుడ్డ. మూడు చోట్ల నైలాన్ తాళ్లు, చాక్స్, పిటో కవర్. తీసేటప్పుడు బయటివన్నీ ముందు తీసి, పిన్ మాత్రం అన్నిటికన్నా చివర, స్టార్ట్ చేసే ముందు తీయడం. అప్పుడు ఎర్ర రేకు చివరిదాకా గుర్తు చేస్తూ ఉంటుంది కదా.

#17 · ఆటోనగర్_రెంచి · సాయంత్రం 5:02

గాలివాన వచ్చి వెళ్తే పిన్‌ని కూడా చూడండి. ఒంగిందా, కాలర్ రంధ్రం కోడిగుడ్డులా సాగిందా. సాగితే దెబ్బ అక్కడిదాకా వచ్చిందని అర్థం. అప్పుడు కంట్రోల్ దారంతా లైసెన్సున్న ఏఎంఈ (విమానాల మరమ్మతు ఇంజనీరు) చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేదాకా ఎగరొద్దు. క్లాంపు ఊడి కింద పడి కనిపించినా అంతే, రడ్డర్ ఎన్నిసార్లు కొట్టుకుందో ఎవరికీ తెలియదు.

#18 · లెఫ్ట్_సీటు · సాయంత్రం 5:20

మీ ప్లాన్‌లో చివరి వాక్యం ఒక్కటి మార్చాలి. పిన్ చివర తీస్తే వాక్‌రౌండ్‌లో (ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు) ఐలరాన్, ఎలివేటర్లని చేత్తో కదిపి చూడలేరు. గాలివాన తర్వాత అదే అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. అందుకే హ్యాండ్‌బుక్ క్రమంలో పిన్ కాక్‌పిట్‌లో మొదట్లోనే తీసేస్తారు, రడ్డర్ లాక్ తోక దగ్గరికి వచ్చినప్పుడు. అంటే రడ్డర్ క్లాంపు తీసే వేళకి ఎర్ర రేకు కాపలా అప్పటికే పోయి ఉంటుంది. తెల్లవారుజామున చీకట్లో మీటరు గుడ్డ కూడా కనబడకపోవచ్చు.

క్లాంపుకి ఒక గుడ్డ సంచి కుట్టించండి. క్లాంపు బిగించగానే ఆ ఖాళీ సంచిని థ్రాటిల్‌కి తగిలించండి. క్లాంపు వచ్చి అందులో పడేదాకా సంచి అక్కడి నుంచి కదలకూడదు.